లాభం గూడు

మిట్టమధ్యాహ్నపు ఎండలో, ధూమ్రగిరి పాదాన రెల్లుపొదల మాటున కూర్చుని, నీళ్ళలో ముఖం చూసుకుంటూ తన మీసం తానే గొరిగేసుకుంటున్న ఆ యువకుణ్ణి చూశారా? వాడే మన బొప్పన. దోనెరేవు పడవల ఎర్రన్నకు ఒక్కగానొక్క కొడుకు. పన్నెండు రోజుల కిందట పద్మసానువు రాజసభలో మెలేసిన మీసం అదే. "మహారాజా, మాంత్రికుడు వక్రజంఘుడి చెరసాల తలుపు నా ఒక్కడి చేత్తో తెరిపిస్తాను. యువరాజునూ, ఆయనతో పట్టుబడ్డ మా రేవు పడవవాళ్ళనూ గట్టున దింపుతాను" అని అరిచింది కూడా ఈ నోరే. సభ చప్పట్లు కొట్టింది. మహారాజు తన మెడలోని పగడాల దండ తీసి వేశాడు. వాడు దాన్ని వద్దనలేదు సరికదా, ఇంకా ఏమైనా వేస్తారేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాడు.

ఇప్పుడు ఆ దండ రెల్లుపొదలో పడి ఉంది. దానివైపు చూడటానికే వాడికి సిగ్గుగా ఉంది.

జరిగింది ఇది. ధూమ్రగిరి కడుపులో తాళమండపం అనే చోటు ఒకటుంది. కొండలోని తలుపులు, తూములు, ఇనుప ఏనుగులు, నిప్పులు కక్కే రాతి గద్దలు, అన్నీ అక్కడి నుంచి వెళ్ళే ఆజ్ఞలతోనే కదులుతాయి. ఆ ఆజ్ఞలు అరవై నాలుగు తాటాకుల మీద గుర్తులుగా రాసి, గోడలోని అరవై నాలుగు గూళ్ళలో పెట్టి ఉంటాయి. బొప్పన నూనె మోసేవాడి వేషంలో తొమ్మిది రోజులు అక్కడ కొలువు చేసి, చెర తలుపు మూయించే ఆకు నలభయ్యో గూట్లో ఉందని తెలుసుకున్నాడు. "తెరువు" అని మరో ఆకు రాసుకుపోయి, గూళ్ళు లెక్కపెట్టుకుని, నలభయ్యో దాంట్లో దాన్ని ఉంచి, పాత ఆకు తీసుకుని బయటపడ్డాడు. రాజుగారి పడవలు, ముందు పడవలో బొప్పన, చెర ద్వారం ఎదుట ఏట్లో కాచుకున్నాయి.

నిన్న సాయంత్రం తలుపు తెరుచుకుంది. నాలుగు భేరి దెబ్బల సేపు. లోపలి డెబ్బై ముగ్గురూ కేకవేసి ముందుకు ఉరికారు. నాలుగో దెబ్బకు రాతి పలక దభాలున దిగింది. ముందున్న పడవవాడి పాదం దాని కింద నలిగింది. అంతటితో అయిందా అంటే కాలేదు. పలక వెనక నుంచి నీళ్ళు పారుతున్న చప్పుడు వినిపించింది. ఎక్కడో తూము తెరుచుకుని మళ్ళీ మూసుకోలేదు. చెరలోకి నీళ్ళు ఎక్కసాగాయి. ఈ మధ్యాహ్నానికి అవి రొమ్ముల దాకా వచ్చాయని, పొద్దుగూకే వేళకు తలలు మునుగుతాయని, పలక సందులోంచి యువరాజు జయధ్వజుడు కబురు చెప్పాడు.

తప్పు ఎక్కడ జరిగిందో బొప్పనకు ఇంకా తెలియదు. తప్పు తనదేనని మాత్రం తెలుసు. పలక లేచి ఉన్న ఆ నాలుగు దెబ్బల్లో వాడికి లోపల అందరికంటే ముందు కనబడింది వాడి తండ్రి. "మావాడు వస్తాడు, మావాడు తెరుస్తాడు" అని పది రోజులుగా అందరికీ చెప్పుకున్న ముఖం అది. ఆ ముఖం నవ్వుతోంది.

బొప్పన మీసం నీళ్ళలో పడేసి లేచాడు.

చెమ్మకు తాళమండపంలోని మహాభేరి తోలు వదులైందని, బిగించేవాడు కావాలని కావలివాళ్ళు పొద్దుటి నుంచీ ఏటి గట్టున దండోరా వేస్తున్నారు. బొప్పన తోలు తాళ్ళు, ముల్లుగర్ర, గడ్డి మోపు ఒకటి భుజాన వేసుకుని కొండ మెట్ల దగ్గరికి వెళ్ళాడు. నూనె కావళ్ళు ఏటి వైపు మెట్ల మీదుగా పోయేవి, ఈ దారి వాడికి కొత్త. మెట్లకు ముందు అగడ్త. అగడ్తలో ఇనుప పళ్ళ మొసళ్ళు. వంతెన ఏదని అడిగేలోగా ఇనుప ఏనుగు తొండం చాచి వాడి నడుము చుట్టి పైకెత్తింది. కింద మొసలి నోరు తెరిచి ఎగిరింది. వాడి గడ్డి మోపులో సగం దాని నోట్లోకి పోయింది. ఏనుగు వాణ్ణి అవతలి గట్టున బస్తాలా విసిరేసింది. మోకాళ్ళు చీరుకుపోయి లేచి చూస్తే ఎదురుగా రాతి సింహం. దాని నోట్లో చెయ్యి పెట్టి తానెవరో చెప్పాలి. అబద్ధమాడిన చెయ్యి మణికట్టు దాకా తెగిపోతుంది.

సింహం గుర్రుమంటూ, నువ్వెవరివి, ఎందుకొచ్చావని అడిగింది.

బొప్పన దాని నోట్లో చెయ్యి పెట్టాడు. భేరి బిగించేవాణ్ణని అంటే చెయ్యి పోతుంది. వీరుణ్ణని అన్నా పోతుంది, ఆ సంగతి వాడికి నిన్ననే తెలిసింది. చివరికి తల వంచుకుని, "పని చెడగొట్టినవాణ్ణి. సరిచేయడానికి వచ్చాను" అన్నాడు.

సింహం నోరు కదపలేదు. కావలివాళ్ళు పగలబడి నవ్వారు. క్రితం సారి తోలు వదులుగా బిగించింది నువ్వేనా అని వీపు మీద ఒకటి చరిచి లోపలికి తోశారు. ఆ దెబ్బ తనకు తక్కువేననుకుంటూ బొప్పన మెట్లెక్కాడు.

ఆహా, ఆ తాళమండపం శోభ ఏమని చెప్పను! వేయి దీపాల వెలుగులో నల్లరాతి స్తంభాలు నూనె పూసినట్టు నిగనిగలాడుతున్నాయి. కప్పు నిండా వెండి నక్షత్రాలు తాపారు. నేల మీద తెల్లరాతి బాట ఒకటి, దాని చివర తేనెపట్టులా గూళ్ళ గోడ. గోడకు అటు పక్క నుంచి ఇత్తడి గొట్టాలు పాములు పాకినట్టు నేలలోకి దిగిపోయాయి. తలుపుకొక గొట్టం, తూముకొక గొట్టం. నడుమ గుడిసె అంత పెద్ద భేరి. అది ధిమ్మనగానే మండపంలోని ప్రతి మనిషీ ఒక్క పని చేస్తాడు. మళ్ళీ ధిమ్మనే దాకా మిన్నకుంటాడు.

మొదటి దెబ్బకు వరుసవాడు గూటి లెక్క పిలుస్తాడు. రెండో దెబ్బకు కళ్ళకు గంత కట్టిన పరుగువాడు తెల్లబాట మీద పోయి, వేళ్ళతో తడుముతూ గూళ్ళు లెక్కపెట్టి, ఆ గూటి ఆకు తెస్తాడు. మూడో దెబ్బకు చదువరి ఆ ఆకు మీది గుర్తు చూసి, ఏం పనో, ఏ గూటి మీదో, ఏ గొట్టానికో పైకి చదువుతుంది. నాలుగో దెబ్బకు ఆ పని జరిగిపోతుంది. కూడికైతే కూడికలామె రెండు పళ్ళేల్లోని గవ్వలు కలిపి లెక్క తేలుస్తుంది. తీసివేతలో ఏమీ మిగలకపోతే పక్కనున్న ఎర్రజెండా ఎత్తుతుంది. ఆజ్ఞ అయితే గొట్టం దగ్గరివాడు గొట్టంలోకి అరుస్తాడు. ఆ తర్వాత ఆకు తన గూటికి చేరుతుంది, వరుసవాడు మరుసటి గూడు పిలుస్తాడు. జెండా లేచి ఉంటే ఫలానా గూటికి దాటమని ఆకులో ఉంటే మాత్రం అక్కడికి దాటుతాడు. చెర తలుపు, తూము ఆకుల వంతు రోజుకొక్కసారి, సాయంత్రపు చుట్టులోనే; తక్కిన చుట్టుల్లో జెండా లేచి వాటిని దాటించేస్తుంది. అరవై నాలుగూ అయ్యాక మళ్ళీ మొదటికి. ఇదే వక్రజంఘుడి మహామంత్రం! ఇక్కడివాళ్ళలో ఒక్కడికీ తన పని తప్ప మొత్తం సంగతి తెలియదు. ఆకులో లేని పని ఎవడూ చేయడు, ఆకులో ఉన్న పని ఎవడూ మానడు. కొండ మునిగినా అంతే.

బొప్పన భేరి పక్కన మోకరిల్లి గడ్డి మంట రాజేశాడు. తోలు వేడెక్కుతుండగా తల ఎత్తి చూశాడు. చదువరి పీట మీద సూరాంబ ఉంది.

ముప్పై ఏళ్ళుగా ఆ పీట మీద చదువుతున్న పెద్దావిడ. నూనె మోసే రోజుల్లో బొప్పనకు తన ముంతలోని గంజి సగం పోసింది ఆమే. తలుపు ఆకు నలభయ్యో గూట్లో ఉంటుందని మాటల్లో చెప్పిందీ ఆమే. ఇప్పుడు ఆమె ముఖం నిండా మసి పూసి ఉంది. మెడలో పెంకుల దండ. ఒంటికాలి మీద నిలబెట్టి చదివిస్తున్నారు. పక్కనే కావలి నాయకుడు ఉద్దండుడు బల్లెం ఆనించుకుని కునుకుతున్నాడు. వాడికి అక్షరమ్ముక్క రాదు. తలుపు నిన్న తెరుచుకున్నదంటే ఈ ముసలిది "మూయి"కి బదులు "తెరువు" అని చదివి ఉంటుందని తేల్చేశాడు. ఆకులో అదే ఉందని ఆమె మొత్తుకున్నా వినలేదు. ఆకు మార్చే అధికారం వక్రజంఘుడికి తప్ప ఎవరికీ లేదు. అతడు ఎదుటి శిఖరాన హోమంలో ఉన్నాడు. పొద్దుగూకాక వచ్చి ఆమెను రాయిగా మారుస్తాడట.

బొప్పనకు చెవులు భగ్గుమన్నాయి. తన తప్పు మోస్తున్నవాళ్ళు చెరలో ఉన్న డెబ్బై ముగ్గురే అనుకున్నాడు. డెబ్బై నాలుగో మనిషి ఇక్కడ ఒంటికాలి మీద ఉంది.

ఆ వేళకు అరవై నాలుగు ఆకులూ అయిపోయి సాయంత్రపు చుట్టు మొదలైంది. వరుసవాడు గొంతు సవరించుకుని పిలిచాడు.

"లాభం."

భేరి మోగింది. పరుగువాడు మొట్టమొదటి గూటి దగ్గరికి పోయి ఆకు తెచ్చాడు. బొప్పన తల కూడా ఎత్తలేదు. దోనెరేవులో ధాన్యం పడవకెక్కించేటప్పుడు కొలగాళ్ళు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు అంటూ పోతారు. ఈ లెక్క వాడికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆ తొమ్మిది రోజుల్లోనూ ఈ ఒక్క మాట విని, ఓహో మన కొలతే కదా అనుకుని, నూనె కావడి ఎత్తుకుని ప్రతిసారీ బయటికి నడిచేవాడు. అటు తర్వాతి మాట ఎన్నడూ వినలేదు.

ఇప్పుడు విన్నాడు. వరుసవాడు రెండో గూటికి, "ఒకటి" అని పిలిచాడు.

బొప్పన చేతిలోని ముల్లుగర్ర జారి నేల మీద పడింది. వీళ్ళ లాభం ఒకటి కాదు. ఒకటికి ముందున్నది. తాను నలభై అని లెక్కపెట్టిన గూడు వీళ్ళకు ముప్పై తొమ్మిది. నిన్న జరిగినదంతా ఇప్పుడు అర్థమైంది. ముప్పై ఎనిమిదో ఆకు తూము తెరిపిస్తుంది, ముప్పై తొమ్మిదోది మూయిస్తుంది, నలభయ్యోది చెర తలుపు మూయిస్తుంది. తాను తీసుకుపోయి మహారాజు చేతిలో విజయచిహ్నంగా పెట్టింది తూము మూసే ఆకు. ఆ గూట్లో పెట్టింది తలుపు తెరిచే ఆకు. అందుకే తలుపు తెరుచుకోగానే నలభయ్యో ఆకు దాన్ని మళ్ళీ మూసింది. తూము మూసేవాడు లేడు.

ఏడవాలనిపించింది. ఇంత చిన్నదా? ఒక్క మాట ఆగి విని ఉంటే సరిపోయేదా?

వాడి మొలలో ఖాళీ తాటాకు ఒకటే ఉంది. తూము మూయించే గుర్తు ఎలా ఉంటుందో, ఆ ఆకు చేతికొచ్చినప్పుడు వాడు చూసుకోనే లేదు. తెలిసిన మనిషి ఆ మండపంలో ఒక్కతే. ఈ చుట్టు దాటితే మళ్ళీ ముప్పై తొమ్మిది వచ్చేసరికి చెరలో నీళ్ళు తలల మీదుగా పోతాయి.

గడ్డి మంటతో భేరి చుట్టూ తిరుగుతున్నట్టు నటిస్తూ వాడు సూరాంబ పీట దగ్గరికి జరిగాడు. అప్పటికి వరుసవాడి లెక్క ఇరవై ఆరు దాకా వచ్చింది. నాలుగు దెబ్బల్లో ఒకటి ఆమె చదవాలి. తక్కిన మూడూ ఆమెకు ఖాళీ.

"పెద్దమ్మా, నేను బొప్పనను. నూనె మోసినవాణ్ణి" అన్నాడు గొణుగుతూ.

ఆమె కళ్ళు తిప్పలేదు. "మీసం తీసేస్తే గుర్తుపట్టననుకున్నావా?"

"ఆకు మార్చింది నేనే. మీ లాభం మా రేవు లాభం అనుకున్నాను."

ధిమ్మని భేరి. ఆమె తన ఆకు చదివింది. చదివి, పరుగువాడు వెళ్ళాక, నెమ్మదిగా అంది. "నీ పేరు నిన్ననే చెప్పొచ్చును నేను. మొన్నటిదాకా ఉన్న ఆ నూనెవాడే అయి ఉంటాడని అనొచ్చును. అనలేదు. నా గంజి తాగినవాడు అట్లా చెయ్యడులే అనుకున్నా."

అంతకంటే ఆమె చెప్పుతో కొట్టినా బాగుండేది. ఇరవై తొమ్మిది పిలుపు వినబడింది. సిగ్గుపడటానికి కూడా వ్యవధి లేదు. వాడు గబగబా సంగతి చెప్పి, చివరికి నోరు జారాడు. ముప్పై తొమ్మిదో ఆకు వచ్చినప్పుడు అందులో ఏమున్నా సరే, తూము మూయి అని చదివేస్తే చాలునన్నాడు. అందరూ బతుకుతారన్నాడు.

సూరాంబ మొదటిసారి వాడివైపు చూసింది. మసి ముఖంలో ఆ రెండు కళ్ళూ ఎర్రగా ఉన్నాయి.

"తప్పు చదివానని మసి పూశారు. చదవలేదు కాబట్టి నిలబడగలుగుతున్నా. ఇప్పుడు నువ్వొచ్చి నిజంగానే చదవమంటున్నావు. ఆకు మార్చు. అందులో ఉన్నది చదవడం నా పని, ఉండాల్సింది పెట్టడం నీ పని."

అని, పీట మీద పేరుకున్న దీపపు మసిలో వేలితో గుర్తు గీసింది. ఒక కొక్కెం, రెండు చుక్కలు, కింద అడ్డగీత. బొప్పన ముల్లుగర్రతో ఆకు మీద అదే గీసి, ఆమెకు చూపించాడు. ఆమె తల ఊపింది. మసిలో తాను గీసింది తుడిచేసి మళ్ళీ ఆకులు చదవడంలో పడింది.

ముప్పై నాలుగు. బొప్పన తెల్లబాట పక్కనుంచి పాకాడు. ముప్పై ఐదు. పరుగువాడి కాలు వాడి చేతివేళ్ళ మీద పడింది, వాడు పళ్ళు బిగించి ఊరుకున్నాడు. ముప్పై ఆరు. గోడ దగ్గర లేచి నిలబడి, ఈసారి మొదటి గూటికి పెదవులతో లాభం అని, రెండో దానికి ఒకటి అని, ఒక్కొక్కటి తాకుతూ లెక్కపెట్టాడు. ముప్పై ఏడు. చెమట కళ్ళలోకి కారుతోంది. ముప్పై ఎనిమిది పిలిచారు. పరుగువాడు వచ్చి, తడిమి, పక్క గూట్లోని ఆకు తీసుకుపోయాడు. తూము గొట్టంలోకి తెరువమనే కేక వినిపించింది. బొప్పన ముప్పై తొమ్మిదిలోంచి తన పాత ఆకు లాగి, కొత్తది పెట్టాడు. నలభైలోని ఆకు పెరికి, పాతది అందులో తోశాడు. వాడి చెయ్యి బయటికి వచ్చిన మరుక్షణం పరుగువాడి వేళ్ళు గూట్లోకి వచ్చాయి.

"తూము మూయి" అని చదివింది సూరాంబ.

"చెర తలుపు తెరువు" అని చదివింది ఆ వెనకే.

గొట్టాలు హోరెత్తాయి. కింద ఎక్కడో రాతి పలక గీరుకుంటూ లేచింది. నీళ్ళు ఒక్కసారిగా ఏట్లోకి దూకిన చప్పుడు, దానితోపాటు డెబ్బై మంది గొంతులు. ఇత్తడి గొట్టం గుండా యువరాజు కేక స్పష్టంగా వినవచ్చింది. బొప్పనకు జయం పలుకుతున్నాడాయన. పడవవాళ్ళు అందుకున్నారు. బొప్పన ఉన్న చోటికి పది అడుగుల్లో ఏటి మెట్లున్నాయి. దిగితే పడవ, పడవ ఎక్కితే రాజసభ, అక్కడ మళ్ళీ చప్పట్లు.

ఉద్దండుడు ఆ హోరుకు ఉలిక్కిపడి లేచాడు. "మళ్ళీ తప్పు చదివావే ముసలిదానా" అంటూ సూరాంబ జుట్టు పట్టి పీట మీంచి కిందికి లాగాడు. బల్లెం ఎత్తాడు. ఆమె అరవలేదు. బొప్పన వైపు చూడనూ లేదు. వాడి పేరు ఈసారీ చెప్పలేదు.

బొప్పన మెట్ల వైపు ఒక్క అడుగు వేశాడు. వేశాడండీ, దాచడమెందుకు. రెండో అడుగు వేయలేకపోయాడు.

"ఆమె కాదు. నేను" అన్నాడు వెనక్కి తిరిగి. ఉద్దండుడి చెయ్యి ఆగింది. "నిన్న ఆకు మార్చింది నేను. ఈ రోజు మార్చిందీ నేనే. సభలో గొప్పలు పోయి, ఇక్కడికొచ్చి గూళ్ళు లెక్కపెట్టడం చేతకాక, చెరలోకి నీళ్ళు వదిలింది నేను. పడవవాడి పాదం నలిగింది నా వల్ల. ఈ తల్లి ఏనాడూ ఒక్క గుర్తు తప్పు చదవలేదు. ఉన్నదే చదివింది."

కింది కేకలు ఆగిపోయాయి. అప్పుడు గమనించాడు బొప్పన, తాను నిలబడి మాట్లాడింది చెర గొట్టం మూతి దగ్గరేనని. ప్రతి మాటా కింద పడవల దాకా పోయింది. జయజయమన్న గొంతుల్లో ఇప్పుడు ఒక్కటీ లేవడం లేదు. భేరి మాత్రం ధిమ్ము ధిమ్ముమంటూనే ఉంది.

కావలివాళ్ళు వాడి చేతులు వెనక్కి విరిచి కట్టారు. ఏట్లో తెడ్ల చప్పుడు దూరమైంది. యువరాజుతో సహా అందరూ తప్పించుకుపోయారు, ఒక్కడు తప్ప. ఆ ఒక్కడూ మెట్లెక్కి, ఒంటి మీది నీళ్ళు కారుతుండగా మండపంలోకి వచ్చాడు. ఎర్రన్న. కావలివాళ్ళు బల్లేలు అడ్డుపెట్టినా ఆయన ఆగలేదు.

"నాయనా, నీళ్ళు వదిలింది..." అంటూ బొప్పన మొదలుపెట్టాడు.

"నిన్న తలుపు దిగుతున్నప్పుడు నీ ముఖం చూశాన్రా. అప్పుడే తెలిసింది."

"మరి వాళ్ళకు చెప్పలేదే?"

"మెడ దాకా నీళ్ళలో ఉన్నవాళ్ళకు ఏం చెప్పమంటావు? మావాడు వస్తాడనే చెప్పాను."

ఆ మాటతో కొడుకును దాటిపోయి, నేల మీద కూలబడి ఉన్న సూరాంబ ముందు ఆ ముసలి పడవవాడు తన తడిసిన కండువా పరిచాడు. ముఖం తుడుచుకోమన్నాడు. ఆపైన వంగి, ఆమె పాదాల ముందు నేలకు నుదురు ఆనించి, మావాడి తప్పు కాయమ్మా అన్నాడు. రాజుకు కూడా వంగి దండం పెట్టని మనిషి అని దోనెరేవులో ఎర్రన్నకు పేరు. బొప్పన కళ్ళు మూసుకుందామనుకున్నాడు. మూసుకోకుండా అంతా చూశాడు.

పడమటి ద్వారం మీద శంఖం మోగింది. దీపాలన్నీ ఒక్కసారి నీలంగా మారాయి. బూడిద పూసుకున్న ఏడడుగుల వక్రజంఘుడు, హోమధూమం వదలని జడలతో, గడప మీద నిలిచాడు. ఒకసారి గూళ్ళ గోడ చూశాడు, ఒకసారి ఏటి మెట్ల మీది తడి అడుగులు చూశాడు. నా కొండలో చెయ్యి పెట్టిందెవరని అడిగాడు. ఎర్రన్న నేల మీంచి లేవబోయాడు.

తండ్రి నోరు తెరవకముందే బొప్పన ముందుకు జరిగాడు. సభలో చెప్పిన బిరుదులేవీ నాలుక మీదికి రాలేదు.

"నేనండీ. దోనెరేవు ఎర్రన్న కొడుకును. బొప్పన అంటారు."

వక్రజంఘుడు మంత్రదండం పైకెత్తాడు.